విద్యుత్ పొదుపు ప్రణాళికకు కర్త ఎవరు?

ఇంటింటికీ ఎల్‌ఈడీ బల్బులు అందించే పథకం దేశంలో తొలుత ఆరంభమైంది పుదుచ్చేరిలోనే. 2014 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వ రంగానికి చెందిన ఎనర్జీ ఎఫిషియన్సీ సర్వీసెస్ సంస్థ ఒక్కొక్కటి 310 రూపాయల ధరకు బల్బులను సేకరించి అక్కడి వినియోగదారులకు పంపిణీ చేసింది. అదే ఏడాది ఈ పథకం ఆంధ్రప్రదేశ్‌కు విస్తరించి గుంటూరు, అనంతపురం, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి జిల్లాలలో పది రూపాయలకు ఒకటి చొప్పున బల్బులు ప్రజలకు చేరాయి. 2015 జనవరి 5న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ దానిని జాతీయ పథకంగా ప్రకటించారు. టోకు కొనుగోళ్ల ఫలితంగా 2016 నాటికి సేకరణ ధర 40 రూపాయల లోపునకు దిగివచ్చింది. దేశవ్యాప్తంగా పంపిణీ అయిన బల్బుల సంఖ్య 36 కోట్లు దాటింది.

ఇది నిస్సందేహంగా ఘనవిజయమే. అయితే ఈ విజయంలో పుదుచ్చేరి పట్టణ ప్రజల ప్రమేయం ఎంత అన్నది విచారించదగిన విషయం. పథకాన్ని రూపొందించింది కేంద్ర సంస్థ. అమలుకు తోడ్పడింది కేంద్రపాలిత ప్రాంతపు విద్యుత్ శాఖ. పురపాలక సంఘం చర్చించి, తీర్మానించి తెచ్చుకున్న పథకం కాదది. తీర్మానించడానికి ఆనాడు అక్కడ ఎన్నికైన సభ్యులే లేరు.

పుదుచ్చేరిలో 1968 అనంతరం పురపాలక ఎన్నికలు జరగడానికి 38 సంవత్సరాలు పట్టింది. 2006లో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2011లో ముగిసింది. ఆ తర్వాత 2021లో ఎన్నికల ప్రకటన వెలువడినా, అది న్యాయవివాదంలో చిక్కి ఆగిపోయింది. పుదుచ్చేరి, ఉళవర్‌కరై పురపాలక సంఘాల పరిధిలో 2011 జనాభా లెక్కల ప్రకారం ఐదు లక్షల మందికి పైగా నివసిస్తున్నారు. సాటి తెలుగువారు నివసించే యానాం పురపాలక సంఘానిదీ ఇదే పరిస్థితి.

ఎన్నికైన పాలకవర్గానికీ విద్యుత్ పొదుపునకూ సంబంధమేమిటని కొందరు ప్రశ్నించవచ్చు. పట్టణంలో బాధ్యతలు ఎలా చీలిపోయాయో చూస్తే జవాబు దొరుకుతుంది. విద్యుత్ సరఫరా ప్రభుత్వ శాఖ చేతిలో ఉంది. ఆ శాఖను ప్రైవేటుపరం చేయాలన్న కేంద్ర నిర్ణయం 2020లో వెలువడగా, 2022లో ఉద్యోగులు సమ్మెకు దిగడం విదితమే. మంచినీటి సరఫరా ప్రజాపనుల శాఖది. సౌరశక్తి వ్యవహారాలు పునరుత్పాదక ఇంధన సంస్థవి. చార్జీలను నిర్ణయించేది గోవాకూ కేంద్రపాలిత ప్రాంతాలకూ ఉమ్మడిగా ఏర్పడిన నియంత్రణ మండలి. ఇక విద్యుత్తు అధికభాగం రామగుండం, నైవేలీ వంటి దూరప్రాంత కేంద్రాల నుంచి రావలసిందే. సొంతమని చెప్పుకోదగినది కారైక్కాల్‌లోని 32.5 మెగావాట్ల గ్యాస్ ఆధారిత కేంద్రం మాత్రమే. ఇన్ని చేతుల మధ్య పట్టణం మొత్తం మీద ఎంత విద్యుత్తు ఖర్చవుతున్నది, అందులో ఎంత వృథా అవుతున్నది అని లెక్క అడిగే వేదిక ఒక్కటీ లేదు.

ఈ లోపం పుదుచ్చేరికే పరిమితం కాదు. 1992లో ఆమోదం పొందిన రాజ్యాంగ సవరణలను పరిశీలిస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. పంచాయతీల కోసం చేర్చిన పదకొండవ షెడ్యూలులో గ్రామీణ విద్యుదీకరణ ఉంది; సంప్రదాయేతర ఇంధన వనరులూ ఉన్నాయి. పురపాలక సంఘాల కోసం చేర్చిన పన్నెండవ షెడ్యూలులోని 18 అంశాలలో వీధిదీపాల ప్రస్తావన తప్ప ఇంధనం ఊసే లేదు. విద్యుత్తును విరివిగా వాడే పట్టణాలకు దాని గురించి ఆలోచించే బాధ్యతను రాజ్యాంగం అప్పగించలేదన్నమాట!

విద్యుత్తు భారీ పెట్టుబడుల వ్యవహారమనీ, స్థలాభావంతో సతమతమయ్యే చిన్న పట్టణాలకు అది అలవికాని పని అనీ వినిపించే వాదనలో కొంత నిజం లేకపోలేదు. పుదుచ్చేరి వంటి చోట వందల ఎకరాల సౌర క్షేత్రాలు సాధ్యం కావు. కాని పొదుపు చేయవలసిన చోట్లు వేరు. వీధిదీపం, నీటి పంపు, భవన నిర్మాణ అనుమతి, ఇంటి పైకప్పు – ఇవన్నీ పట్టణ పాలన పరిధిలోనివే. ఇందుకు నిదర్శనం పుదుచ్చేరి నడిబొడ్డునే ఉంది. అరవింద ఆశ్రమానికి చెందిన గోల్కొండ్ వసతిగృహాన్ని ఆంటొనిన్ రేమండ్ 1930లలో రూపొందించారు. బారులు తీరిన కదిలే పలకల ద్వారా గాలి ధారాళంగా ఆడే ఏర్పాటు వల్ల ఆ కాంక్రీటు కట్టడానికి ఎయిర్ కండిషనర్ల అవసరం లేకపోయింది. నిర్మాణ దశలో తీసుకున్న ఒక్క మంచి నిర్ణయం దశాబ్దాల తరబడి విద్యుత్తును ఆదా చేస్తుంది.

పెద్ద పట్టణాల అనుభవమూ ఆశాజనకంగానే ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విరుచుకుపడిన అనంతరం విశాఖపట్నంలో 90 వేలకు పైగా వీధిదీపాలను ఎల్‌ఈడీలుగా మార్చారు. ముడసర్లోవ జలాశయంపై రెండు మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ కేంద్రాన్ని మహా విశాఖ నగరపాలక సంస్థ 2018లో నెలకొల్పింది. ఇంకొక పక్క, ఆదా అయిన బిల్లు నుంచి పెట్టుబడి తిరిగి చెల్లిస్తామని ఎల్‌ఈడీ వీధిదీపాలకు ఒప్పందాలు చేసుకున్న స్థానిక సంస్థలు దేశవ్యాప్తంగా అనేకం బకాయిలు పడ్డాయి. ఆదా అయిన సొమ్ము ప్రత్యేక ఖాతాకు చేరకుండా సాధారణ ఖర్చులలో కలిసిపోతే జరిగేది ఇదే.

ప్రణాళికలు లేకపోలేదు. విజయవాడ, మహబూబ్‌నగర్ సహా 60 పట్టణాలను సౌర నగరాలుగా తీర్చిదిద్దే పథకాన్ని కేంద్రం 2008లో చేపట్టింది. ఐదేళ్లలో సంప్రదాయ ఇంధన అవసరాలను కనీసం పది శాతం తగ్గించడం దాని లక్ష్యం. పట్టణానికి 50 లక్షల రూపాయల వరకు సాయం ప్రకటించారు. ప్రణాళికల రచన అధికంగా సలహా సంస్థలకు దక్కింది. కాగితంపై ఉన్న పది శాతాన్ని ఏటా సభలో నిలదీసేవారు లేనప్పుడు అది అంకెగానే మిగిలిపోతుంది.

కావున చేయవలసినవి మూడు ఉన్నాయి. పుదుచ్చేరిలో పురపాలక ఎన్నికలు ఇక వాయిదా పడరాదు. ప్రతి పురపాలక సంఘమూ బడ్జెట్‌తో పాటు విద్యుత్ వినియోగపు లెక్కను సభ ముందుంచి, ఆదా అయిన మొత్తాన్ని విడిగా చూపాలి. పన్నెండవ షెడ్యూలులో ఇంధనాన్ని చేర్చాలి. ఇళ్లపై సౌర ఫలకాల కోసం 2024లో ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో ఇంటికి వెయ్యి రూపాయల చొప్పున స్థానిక సంస్థలకు ప్రోత్సాహకం ఇచ్చే ఏర్పాటు ఉంది. దానిని ఎలా వెచ్చించాలో నిర్ణయించవలసింది ప్రజాప్రతినిధులే గాని ప్రత్యేకాధికారులు కారు.

బల్బులను ఢిల్లీ నుంచి పంపవచ్చు. వాటి వల్ల మిగిలిన డబ్బు ఏమైందని అడిగే హక్కు మాత్రం ఊరివారిదే.