తెరుచుకోని కిటికీ, మూతపడని తలుపు



ఈ పత్రికలో మలేరియా గురించి, క్షయ గురించి, బాలింతల ఆహారం గురించి రాస్తూ వచ్చాము. ఈసారి బందుల గురించి, గడియల గురించి, కిటికీ పిడుల గురించి రాస్తున్నాము. "ఇది వడ్రంగి పని కదా, ఆసుపత్రి వాళ్ళకెందుకు?" అని మీరు అడగవచ్చు. తెరుచుకోవలసిన కిటికీ తెరుచుకోకపోతే, మూతపడవలసిన తలుపు మూతపడకపోతే అది కూడా ఆరోగ్య సమస్యే అని మా అభిప్రాయం. ఈ మాట అనుభవం మీద చెబుతున్నాము.

ముందుగా మా తప్పు

కొన్నేళ్ళ క్రితం దాతల సహాయంతో మా వార్డులో రెండు గదులు బాగుచేయించుకున్నాము. ఏసీలు పెట్టించాము. కిటికీలకు రెండద్దాల ప్లాస్టిక్ రెక్కలు బిగించారు. చూడటానికి ఎంతో అందంగా ఉన్నాయి. రెండు వేసవులు గడిచేసరికి ఒక కిటికీ పిడి విరిగింది. ఇంకో కిటికీ బందు వదులై రెక్క వాలిపోయింది. మన ఊరి హార్డ్‌వేర్ దుకాణాల్లో అలాంటి సామాను దొరకలేదు. "తర్వాత తెప్పిద్దాంలే" అని రెండు కిటికీలనూ మూసి టేపు అంటించేశాము. ఏసీ ఉంది కదా అనుకున్నాము.

ఆ తర్వాత ఏసీ చెడిపోయింది. ఆ వారంలోనే అడవి పల్లె నుంచి ఒక పెద్దాయన జ్వరంతో, ఆయాసంతో వచ్చి ఆ గదిలో చేరాడు. దగ్గు నెల రోజులుగా ఉందని మూడో రోజున గాని చెప్పలేదు. మేమూ సరిగా అడగలేదు. కళ్ళె పరీక్ష చేస్తే క్షయ అని తేలింది. ఆ మూడు రోజులూ అదే గదిలో ఇంకో ఇద్దరు రోగులు, వారి వెంట ఉండేవాళ్ళు పడుకున్నారు. కిటికీలకు మాత్రం టేపు అలాగే ఉంది.

వాళ్ళందరినీ పిలిపించి పరీక్షలు చేశాము. ఏడాదిపాటు కనిపెట్టి చూశాము. ఎవరికీ జబ్బు బయటపడలేదు. దేవునికి స్తోత్రం. కాని అది మా జాగ్రత్త వల్ల జరిగింది కాదు. ఆ పిడి ఖరీదు కొన్ని వందల రూపాయలు. దాన్ని తెప్పించడానికి మేము నెలల తరబడి బద్ధకించాము.

గాలి కూడా ఒక మందే

క్షయ రోగి దగ్గినప్పుడు కంటికి కనబడని తుంపరలు గాలిలోకి వస్తాయి. మూసిన గదిలో అవి గంటల తరబడి తేలుతూనే ఉంటాయి. గాలి ఆడితే పలచబడి బయటకు పోతాయి. పెరూ దేశపు లిమా నగరంలో 8 ఆసుపత్రులలోని 70 గదులను పరిశీలించి 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. కిటికీలు, తలుపులు తెరిస్తే గదిలోని గాలి గంటకు సుమారు 28 సార్లు మారింది. యంత్రాలతో గాలి మార్చే గదులకు పెట్టుకున్న లెక్క గంటకు 12 సార్లే. అన్నీ మూసేస్తే రెండుసార్లు కూడా మారలేదు. ఎత్తైన కప్పు, పెద్ద కిటికీలు ఉన్న పాతకాలపు వార్డులే కొత్తవాటికంటె మెరుగని తేలింది. మన పెద్దలు కట్టించిన పాత వార్డులను చూసి ఇకనైనా చిన్నబుచ్చుకోవద్దు.

నర్సుల విద్యకు దారి చూపిన ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లోనే గాలి గురించి గట్టిగా రాసింది. రోగి గదిలో తలుపులు కిర్రుమనకుండా, కిటికీలు టపటపలాడకుండా చూడటం కూడా నర్సు బాధ్యతే అన్నది ఆమె మాట. అంటే బందుకు నూనె వేయడం కూడా రోగి సేవలో భాగమే.

"గాలి తగిలితే జ్వరం ఎక్కువవుతుంది" అని భయపడే కుటుంబాలు మన దగ్గర చాలా ఉన్నాయి. బాలింతను, పసిబిడ్డను కిటికీలన్నీ మూసిన గదిలో పెట్టి బొగ్గుల కుంపటి రాజేస్తారు. అమ్మలారా, అమ్మమ్మలారా, ఇది చాలా ప్రమాదం. మూసిన గదిలో బొగ్గు కాలితే వాసన లేని విషవాయువు పుడుతుంది. నిద్రలోనే ప్రాణం పోవచ్చు. బిడ్డను వెచ్చగా ఉంచటానికి తల్లి ఒడి, గుడ్డ, టోపీ చాలు. కిటికీ ఒక రెక్కైనా తీసి ఉంచండి.

మరి దోమల సంగతి?

కిటికీ తెరిస్తే దోమలు వస్తాయన్నది న్యాయమైన మాటే. దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం, వాజేడు వైపు మలేరియా ఎంత బాధపెట్టిందో మాకు తెలుసు. 2014లో చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి. దోమకు మాత్రం ఆ సరిహద్దు తెలియదు. మలేరియా దోమ కుట్టేది ఎక్కువగా రాత్రిపూటే. డెంగీ దోమ పగటిపూట కుడుతుంది.

మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ దోమ కడుపులో కనిపెట్టింది 1897లో, మన సికింద్రాబాదులోనే. ఆ తర్వాత మూడేళ్ళకు, 1900లో, సాంబన్, లో అనే ఇద్దరు వైద్యులు ఇటలీలో మలేరియాకు పేరుబడ్డ ప్రాంతంలో జాలీ బిగించిన గుడిసెలో కాపురమున్నారు. పొద్దుగూకకముందే లోపలికి వెళ్ళి తలుపు వేసుకునేవారు, తెల్లవారాకే బయటకు వచ్చేవారు. క్వినైన్ మాత్ర మింగలేదు. వాళ్ళకు మలేరియా రాలేదు. వాళ్ళను కాపాడింది జాలీ ఒక్కటే కాదు, సందు లేకుండా మూతపడే తలుపు కూడా.

కనుక గాలికి కిటికీ తెరవాలి, దోమకు జాలీ కావాలి. ఒకటి కోసం ఇంకోటి వదులుకోనక్కరలేదు. జాలీ తలుపు వాలిపోయి వేలెడు సందు ఉంటే మాత్రం జాలీ ఉన్నా లేనట్టే. జాలీ ఉన్నా దోమతెర మానవద్దు.

తలుపు కింది సందు మరో ముప్పు. కట్లపాము రాత్రిపూట ఇంట్లోకి వచ్చి నేలమీద పడుకున్నవారిని కాటు వేస్తుంది. నొప్పి ఉండకపోవచ్చు, గాటు కూడా సరిగా కనబడకపోవచ్చు. తెల్లారేసరికి రెప్పలు వాలిపోయి, మాట ముద్దయి, ఊపిరి అందని స్థితిలో తీసుకువస్తారు. తలుపు అడుగున ఒక రబ్బరు పట్టీ గాని చెక్క పట్టీ గాని కొట్టించండి. మంచం మీద, అంచులు పరుపు కిందికి దోపిన దోమతెరలో పడుకోండి. కాటు వేసిందని అనుమానం వస్తే మంత్రగాడి దగ్గర ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి.

రెండద్దాల కిటికీలు కావాలా?

ఇప్పుడు ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలంలో కట్టే కొత్త ఇళ్ళకు ఇవి వస్తున్నాయి. విదేశాల్లో ఉన్న పిల్లలు "అక్కడ ఇలాగే ఉంటాయి, పెట్టించండి నాన్నా" అంటున్నారు. వాటిలో మంచి లేకపోలేదు. రెండు అద్దాల మధ్య పొడి గాలి బంధించి ఉంటుంది కాబట్టి రోడ్డు మోత, దుమ్ము తగ్గుతాయి, ఏసీ చల్లదనం నిలుస్తుంది. చలిదేశాలకు అవి చాలా అవసరం. మన దగ్గర మే నెలలో 45 డిగ్రీలు దాటే ఎండ నేరుగా పడితే, సాధారణ రెండద్దాల గుండా కూడా చాలా వేడి లోపలికి వచ్చేస్తుంది. కిటికీపై నీడ, ఎదురెదురు కిటికీల గాలి ముందు చూసుకోవలసినవి. ఆపరేషన్ థియేటర్ల సంగతి వేరు. అక్కడ గాలిని శుభ్రం చేసే ఏర్పాటు ఉంటుంది.

పెట్టించుకునేవారికి మా మనవి. బిగించేవారి దగ్గర అదనంగా రెండు పిడులు, ఒక జత బందులు అప్పుడే కొని దాచుకోండి. పిడి వదులైతే కంగారు పడవద్దు. చాలావాటికి పిడి మొదట్లో చిన్న మూత ఉంటుంది. దాన్ని పక్కకు తిప్పితే రెండు స్క్రూలు కనబడతాయి, బిగిస్తే సరిపోతుంది. పిడి విరిగితే దాన్ని ఊడదీసి దుకాణానికి పట్టుకెళ్ళండి. స్క్రూల మధ్య దూరం, లోపలి నలుపలకల కడ్డీ పొడవు సరిపోతేనే కొత్తది పడుతుంది. అద్దాల మధ్యలో ఆవిరి పడితే ఎంత తుడిచినా పోదు. అంచు అతుకు విడిపోయి తేమ చేరిందని అర్థం. అప్పుడు కిటికీ అంతా మార్చనక్కరలేదు, ఆ అద్దాల జత ఒక్కటి మార్చితే చాలు. పిడి పూర్తిగా పనిచేయకపోతే కిటికీని మూసి కాక, తెరిచి ఉంచి బాగుచేయించండి. మేము చేసిన పొరపాటు మీరు చేయవద్దు.

చెక్క తలుపులకు చిన్న వైద్యం

మన ఇళ్ళల్లో ఎక్కువ ఉన్నవి టేకు, మద్ది తలుపులే. తలుపు నేలకు రాసుకుంటుంటే వెంటనే చిత్రిక పట్టించవద్దు. ముందు పై బందు చూడండి. చాలాసార్లు అక్కడి స్క్రూలే వదులై ఉంటాయి. స్క్రూ రంధ్రం పెద్దదైతే వెదురు పుల్లలు సన్నగా చీల్చి, ఫెవికాల్ రాసి, రంధ్రంలో గట్టిగా కొట్టి, ఆరిన తర్వాత స్క్రూ మళ్ళీ బిగించండి. వానాకాలంలో ఉబ్బిన తలుపును చెక్కిస్తే వేసవిలో సందు పడుతుంది. ఎండలు వచ్చేదాకా ఆగండి. తాళంలో కొబ్బరినూనె పోయవద్దు, దుమ్ము పట్టి జిగురవుతుంది. పెన్సిలు ములికి పొడి చల్లితే తాళంచెవి సాఫీగా తిరుగుతుంది.

వృద్ధులున్న ఇంట్లో స్నానాలగదికి బయటినుంచి కూడా తీయగలిగే గడియ పెట్టించండి. తలుపు వెలుపలికి తెరుచుకునేలా ఉంటే ఇంకా మంచిది. లోపల కళ్ళు తిరిగి పడిన మనిషి తలుపుకు అడ్డంగా ఉంటే లోపలికి తోయడం కష్టం. ఆ ఆలస్యంలో ప్రాణం మీదికి వస్తుంది.

గోదావరి ఒడ్డువారికి మరో మాట. భద్రాచలం దగ్గర నీరు 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. వరద తీసి ఇంటికి తిరిగి వెళ్ళినప్పుడు ముందు కర్రతో తడుతూ లోపలికి వెళ్ళండి, పాములు ఉండవచ్చు. తలుపులు, కిటికీలు అన్నీ బార్లా తెరవండి. బందుల్లో, గడియల్లో చేరిన ఒండ్రును మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నూనె వేయండి. ఒండ్రు ఎండి గట్టిపడితే ఆ తర్వాత ఊడదీయక తప్పదు.

ఎవరి ఇంటికి ఎదురుగా వారు

నెహెమ్యా గ్రంథము 3వ అధ్యాయము చదివేటప్పుడు ఎన్నో పేర్లు వస్తాయని మనం త్వరత్వరగా దాటేస్తుంటాము. అందులో ఉన్నది మరమ్మతు పనివారి జాబితా. ఎవరు ఏ గుమ్మము బాగుచేశారు, ఎవరు తలుపులు నిలిపి తాళాలు, గడియలు అమర్చారు అన్నది అక్కడ శ్రద్ధగా రాసిపెట్టారు. బంగారు పనివారున్నారు, ఔషధ ద్రవ్యాలు కలిపే హనన్యా ఉన్నాడు, షల్లూము కుమార్తెలున్నారు. అనేకులు ఎవరి ఇంటికి ఎదురుగా వారు పని చేశారు. పనికి భుజం ఒగ్గని గొప్పవారి సంగతి కూడా ఆ అధ్యాయంలోనే ఉంది. మేము టేపు అంటించిన రోజుల్లో ఆ గొప్పవారి పక్షాన నిలబడ్డాము.

మా అభిప్రాయం ఇది. కొత్త గదికి, కొత్త రంగులకు కానుక ఇచ్చేవారు ఉన్నారు, దేవుడు వారిని దీవించును గాక. పాత కిటికీ బందుకు మాత్రం ఎవరూ కానుక ఇవ్వరు, దానిమీద పేరు చెక్కించుకోలేము కదా. అయినా రోగి ఊపిరి ఆ బందు మీదనే ఆధారపడి ఉండవచ్చు. అందుకే మేము ఇప్పుడు ప్రతి నెల మొదటి సోమవారం నర్సు, వార్డుబాయి కలిసి ప్రతి కిటికీ తెరిచి మూసి చూసి పుస్తకంలో రాయాలని నియమం పెట్టుకున్నాము. తెరుచుకోని కిటికీ ఉన్న గదిలో దగ్గున్న రోగిని చేర్చుకోము.

సంఘాలకు కూడా ఒక మనవి. క్రిస్మసు రాత్రి చలికి కిటికీలన్నీ మూసి రెండు వందలమంది పాటలు పాడే మందిరాలు మనవి. తుప్పు పట్టి కదలని కిటికీలు ఎన్ని ఉన్నాయో అయ్యగారు, సంఘ పెద్దలు వచ్చే ఆదివారమే లెక్కపెట్టండి. వానలు మొదలుకాకముందు ఒక శనివారం యౌవనస్థులు స్క్రూడ్రైవరు, నూనె సీసా, నాలుగు వెదురు పుల్లలు పట్టుకుని విధవరాండ్ర ఇళ్ళకు, ఒంటరి వృద్ధుల ఇళ్ళకు వెళ్ళండి. ఏ ఇంట్లో ఏది చెడిపోయిందో స్త్రీల మైత్రి అక్కలకు బాగా తెలుసు, వారిని అడగండి.

రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికైనా ఉంటే మాత్రం కిటికీ తీసి ఊరుకోవద్దు. కళ్ళె పరీక్షకు తీసుకురండి. క్షయకు మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, పూర్తిగా వాడితే నయమవుతుంది.

ఈ పత్రిక పక్కన పెట్టి, దయచేసి లేచి, మీరు కూర్చున్న గది కిటికీ ఒకసారి తెరిచి చూడండి.