గుద్దించి చూస్తేనే నిజమా?

కంప్యూటర్ తెర మీద రెండు రైళ్లను ఢీకొట్టించి, ప్రయాణికులకు ఢోకా లేదని సంతకం పెట్టేస్తున్నారనీ, ఇదంతా ఉత్త బొమ్మలాట అనీ ఒక వాదన తరచూ వినిపిస్తోంది. కార్లను గోడకేసి గుద్ది చూపిస్తారు కదా, రైళ్లకేం వచ్చిందని దానికో కొసరు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. జరిగినదేమిటో చూస్తే నిలవదు.

రైళ్లను గుద్దించి చూడలేదనడమే తప్పు. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని ప్యూబ్లో పరీక్షా కేంద్రంలో 1999 నుంచి వరసగా ఆ పనే చేశారు. ముందు ఒక్క బోగీని గోడకేసి, తర్వాత రెండు బోగీలను కలిపి, 2002 జనవరిలో ఏకంగా రైలును రైలుకేసి. గంటకు సుమారు 48 కిలోమీటర్ల వేగంతో వచ్చిన రైలు ఆగి ఉన్న ఇంజన్‌ను ఢీకొంది. ముందు బోగీ ఇంజన్ మీదికెక్కి సుమారు 22 అడుగుల మేర నుజ్జయింది. ఆ మేరలో మనుషులుంటే ఏమయ్యేవారో చెప్పనక్కర్లేదు. వెనక బోగీలు మాత్రం చాలావరకు చెక్కుచెదరలేదు.

దెబ్బంతా ఒక్క బోగీయే ఎందుకు తినాలి? కంప్యూటర్ లెక్కలకు అసలు పని ఇక్కడే పడింది. జనం కూర్చోని కొసలు ముందుగా నలిగి దెబ్బను మింగేలా, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా బోగీలను మార్చి రూపొందించారు. ఆ కొసలను విడిగా గుద్ది, లెక్క సరిచూసుకున్నారు. 2006 మార్చిలో దాదాపు అదే వేగంతో మళ్లీ రైలుకు రైలు. ఈసారి ముందు బోగీ నలిగింది మూడడుగుల మేర. మిగతా దెబ్బను వెనక బోగీల కొసలు పంచుకున్నాయి. ఇలా పంచుకోవడంలో ఒక తిరకాసు ఉంది: లోపల కూర్చున్నవాళ్లకు కుదుపు పెరుగుతుంది, ఎదుటి సీటుకో బల్లకో గుద్దుకుంటారు. అందుకే బోగీ గోడలతో ఆగకుండా సీట్లనూ, బల్లలనూ మార్చాల్సి వచ్చింది.

ఇక కార్లతో పోలిక. ఒకే నమూనా కారు లక్షల్లో అమ్ముడుపోతుంది, పాతిక కార్లు నలగ్గొట్టినా గిట్టుబాటవుతుంది. రైళ్ల నమూనా ఒకటి కొన్ని పదుల్లోనో వందల్లోనో తయారవుతుంది. పైగా ఒక్క గుద్దు ఒక్క వేగం, ఒక్క బరువు సంగతే చెబుతుంది. కంప్యూటర్‌లోనైతే బరువు మార్చి, ఎత్తు మార్చి ఎన్నిసార్లయినా చూడొచ్చు. యూరప్ ప్రమాణం ఈఎన్ 15227 రైలు మొత్తానికి కంప్యూటర్ లెక్కను ఒప్పుకుంటుంది గానీ, దెబ్బను మింగే భాగాలను నిజంగా గుద్ది, ఆ ఫలితంతో లెక్క సరిపోలిందని చూపమంటుంది. ఎదురెదురు రైళ్లను 40 మిల్లీమీటర్ల ఎత్తు తేడాతో ఢీకొట్టించి చూడమంటుంది. అన్నీ సరిగ్గా ఒకే ఎత్తులో ఉంటే తెర మీద ఏ బోగీ మరో బోగీ మీదికెక్కదు మరి.

బొమ్మలాట అనేవారు నిలదీయాల్సింది వేరే ఉంది. ఆ ప్రమాణంలో రైలుకు రైలు ఢీకొనే వేగం గంటకు 36 కిలోమీటర్లు. 2023 జూన్ 2న ఒడిశాలోని బహానగా బజార్ దగ్గర, మన కోస్తా మీదుగా చెన్నై వెళ్లాల్సిన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఆగి ఉన్న గూడ్సును ఢీకొన్నప్పుడు వేగం సుమారు 128. వేగం మూడున్నర రెట్లు, మింగాల్సిన శక్తి పన్నెండు రెట్ల పైమాటే. అంత శక్తిని మింగే కొస ఏ బోగీకీ లేదు. ఆ రైలును లూప్ లైన్‌లోకి పంపింది సిగ్నల్ తీగల మరమ్మతులో జరిగిన పొరపాటు. దాన్ని బోగీ లెక్కల్లో వెతికితే దొరకదు. కాబట్టి పాసైందంటూ ఎవరైనా కాగితం చూపిస్తే, ఏ వేగానికి పాసైందో, ఏ నిజమైన గుద్దుతో లెక్క సరిచూశారో అడగండి. ఆ రెండూ రాసి లేకపోతే అప్పుడు తిట్టండి, మేమూ గొంతు కలుపుతాం.