చీకటి చిత్రాలు - చుక్కలు, నుక్తాలు

ఛాయాచిత్రమంటే కాంతి వ్రాసిన వ్రాత. సుమారు 965వ సంవత్సరంలో బస్రాలో జన్మించి ఈజిప్టులో స్థిరపడిన ఇబ్నుల్ హైసమ్ అనే మహావిద్వాంసుడు 'కితాబుల్ మనాజిర్' అనే గ్రంథంలో చూపును గురించి విస్తారంగా చర్చించాడు. కంటినుండి కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయని అంతకు పూర్వం పలువురు పండితులు నమ్మేవారు. అది సరికాదని, వస్తువునుండి వచ్చిన కాంతియే కంటిలో ప్రవేశిస్తుందని ఆయన వాదించాడు. చీకటి గదిలోనికి సన్నని రంధ్రం గుండా వచ్చే వెలుగును పరీక్షించి చూశాడు. నేటి కెమెరా ఆ చీకటి గదికి వారసురాలే. వచ్చిన కాంతి ఎంతో చిత్రం అంతే. రాని కాంతిని ఏ కెమెరా కూడ చూడలేదు. ఈ చిన్న సత్యాన్ని మనం నేడు మరచిపోతున్నామని మా అనుమానం.

కళాశాల సభలు చాలావరకు సాయంకాలమో, రాత్రియో జరుగుతాయి. వార్షికోత్సవమైనా ముషాయిరా అయినా వేదిక మీద నాలుగు దీపాలు, ప్రేక్షకులున్న చోట మసకచీకటి. మరునాడు చిత్రాలను పరిశీలించేవారు సాధారణంగా రెండు మాటలు అంటారు. "గ్రెయిన్స్ వచ్చాయి, ఇది పనికిరాదు" అనేది ఒకటి. "ఐ.ఎస్.ఓ. పెంచడం వల్ల చెడిపోయింది" అనేది రెండవది. ఈ రెండు మాటలూ సరికావని మా అభిప్రాయం. అంతేగాక, ఆ చుక్కలను తుడిచివేయాలనే తొందరలో అంతకంటె విలువైన దానిని కూడ తుడిచివేస్తున్నామని మా ఆందోళన.

ముందుగా ఆ చుక్కల పుట్టుకను తెలుసుకొందాము. ఎండిన వాకిట్లో తొలకరి చినుకులు పడుతున్నప్పుడు ఒకచోట నాలుగు పడతాయి, ప్రక్కనే ఒకటి పడుతుంది, ఆ ప్రక్క ఒక్కటి కూడ పడదు. నేల మచ్చలు మచ్చలుగా కనబడుతుంది. వాన జోరందుకొన్న కొలది మచ్చలు కలిసిపోయి వాకిలి అంతా ఒకే తీరున తడుస్తుంది. కాంతి కూడ కణాలుగానే కురుస్తుంది. సెన్సారులోని ఒక గడిలో సగటున 100 కణాలు పడేచోట హెచ్చుతగ్గులు సుమారు 10 ఉంటాయి. అంటే పదవ వంతు. సగటున 10,000 కణాలు పడేచోట హెచ్చుతగ్గులు సుమారు 100. అంటే నూరవ వంతు మాత్రమే. కాంతి పెరిగిన కొలది చుక్కలు అణగిపోవడానికి కారణం ఈ వర్గమూల నియమమే. సెన్సారు వేడి వల్ల, దాని విద్యుత్ పరికరాల వల్ల మరికొన్ని చుక్కలు చేరే మాట నిజమే. ఆ భాగాన్ని ఇంజనీర్లు ఏటేటా తగ్గిస్తూ వచ్చారు. కాని మొదటి భాగం యంత్రదోషం కాదు, కాంతి స్వభావం. ఎంత ఖరీదైన కెమెరాకైనా అది తప్పదు.

ఇక ఐ.ఎస్.ఓ. సంగతి. ఫిల్ము కాలంలో అమెరికావారి ఏ.ఎస్.ఏ., జర్మనీవారి డి.ఐ.ఎన్. అనే రెండు కొలతలు ప్రచారంలో ఉండేవి. 1974లో ఆ రెండింటినీ కలిపి ఐ.ఎస్.ఓ. కొలతగా ఏర్పరచారు. ఫిల్ములో ఆ అంకె ఫిల్ము మీద పూసిన రసాయనం యొక్క గుణాన్ని తెలిపేది. వేగం గల ఫిల్ము కావాలంటే వెండి లవణాల రేణువులు పెద్దవిగా ఉండేవి, చిత్రం గరుకుగా వచ్చేది. డిజిటల్ కెమెరా సంగతి వేరు. ఇందులో సెన్సారు ఒక్కటే. ఐ.ఎస్.ఓ. పెంచినంత మాత్రాన అది ఎక్కువ కాంతిని పట్టుకోదు. పట్టుకొన్న సంకేతాన్నే పెద్దది చేసి చూపుతుంది. సభలో వక్త గొంతు సన్నగిల్లితే ఆంప్లిఫయరు పెంచుతాము. వక్త మాటతోపాటు పంకా చప్పుడు, ముందు వరుసవారి దగ్గు కూడ పెద్దగా వినబడతాయి. ఆ దగ్గును ఆంప్లిఫయరు పుట్టించలేదు కదా! అట్లే చుక్కలను పుట్టించినది ఐ.ఎస్.ఓ. కాదు, కాంతి లేమి. ఐ.ఎస్.ఓ. తక్కువగా పెట్టి నల్లగా తీసిన చిత్రాన్ని తరువాత కంప్యూటరులో వెలిగించినా ఆ చుక్కలే బయటపడతాయి. ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువగా కూడ బయటపడతాయి.

ఈ విషయం తెలియనివారిని అంకెలతో ఆకర్షించడం సులభం. 2007లో వచ్చిన నికాన్ డి3 కెమెరాలో ఐ.ఎస్.ఓ. 25,600 వరకు పెంచే సౌకర్యం ఉండేది. 2014లో సోనీ ఏ7ఎస్ 4,09,600 అన్నది. 2016లో నికాన్ డి5 ఏకంగా 32,80,000 అన్నది. ఇవి గొప్ప కెమెరాలే. కాని చివరి అంకె దగ్గర తీసిన చిత్రంలో ముఖాన్ని పోల్చుకోవడమే కష్టం. అసలు చూడవలసినది సెన్సారు వైశాల్యం. 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు గల సెన్సారు వైశాల్యం 864 చదరపు మిల్లీమీటర్లు. చాలా ఫోన్లలోని సెన్సారు 100 చదరపు మిల్లీమీటర్లకు లోపే ఉంటుంది. ఒకే వానలో గంగాళం పెట్టినవానికి, చెంబు పెట్టినవానికి ఒకే పాటి నీళ్లు దొరకవు.

అయితే చీకటిలో చిత్రం తీసే మార్గమే లేదా? ధర్మమైన మార్గాలు ఉన్నాయి. లెన్సు ద్వారాన్ని ఎఫ్/4 నుండి ఎఫ్/2 కు తెరిస్తే నాలుగు రెట్ల కాంతి లోనికి వస్తుంది. కదలని వస్తువైతే కెమెరాను స్టాండు మీద నిలిపి షట్టరును ఎక్కువసేపు తెరచి ఉంచవచ్చును. దృశ్యం నిలకడగా ఉంటే పదహారు చిత్రాలు వరుసగా తీసి సగటు కట్టవచ్చును. చుక్కలు నాలుగవ వంతుకు తగ్గుతాయి. నేటి ఫోన్లలోని రాత్రి విధానానికి మూలం ఇటువంటి పద్ధతియే. ఇందులో మోసమేమీ లేదు. ఎక్కువసేపు వానలో నిలబెట్టిన చెంబు ఎక్కువ నీళ్లు పట్టినట్లే ఇది. వీటిలో ఏ ఒక్కటీ చేయకుండా, గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అన్నట్లు ఫోను ఎత్తి బొత్తాం నొక్కి, చిత్రం మాత్రం పట్టపగటి వలె ఉండాలని కోరడం న్యాయం కాదు.

అన్యాయమైన కోరిక ఉన్నచోట అన్యాయమైన వైద్యం కూడ పుడుతుంది. చుక్కలను తొలగించే యంత్రవిద్య మితంగా ఉన్నంతవరకు ఆక్షేపణీయం కాదు. మితిమీరితే ముఖాలు మైనపు బొమ్మల వలె నున్నబడతాయి. వృద్ధుల ముడతలు, గడ్డంలోని వెంట్రుకలు, షేర్వానీ మీది కుట్టుపని అన్నీ ఒకే పూతలో కలిసిపోతాయి. ఇటీవలి యంత్రాలు ఇంకొక అడుగు ముందుకు వేశాయి. పోయిన వివరాన్ని ఇతర చిత్రాలనుండి నేర్చుకొన్న పోలికతో అవే పూరిస్తున్నాయి. 2023 మార్చిలో శాంసంగ్ ఫోన్లు తీసే చంద్రుని చిత్రాల మీద ప్రపంచవ్యాప్తంగా చర్చ జరిగింది. కావాలని మసకబరచిన చంద్రబింబాన్ని కంప్యూటరు తెర మీద పెట్టి, దూరంనుండి ఫోనుతో తీయగా, ఆ మసక బొమ్మలో లేని గుంటలు, గీతలు చిత్రంలో ప్రత్యక్షమైనవి. చంద్రుని గుర్తించినప్పుడు వివరాలను మెరుగుపరచడానికి కృత్రిమ మేధను వాడుతున్నామని ఆ కంపెనీయే వివరణ ఇచ్చింది. నెలవంకను కంటితో చూచినవారి సాక్ష్యం మీద రంజాను మాసం మొదలుపెట్టే మనకు ఈ విషయం విడమరచి చెప్పనక్కరలేదు. సాక్షి తాను చూచినది చెప్పాలి. చూచి ఉండవలసినది చెప్పరాదు.

"అందంగా ఉంటే చాలదా? ఎవరికి నష్టం?" అని కొందరు మిత్రులు అడుగవచ్చును. పండుగ శుభాకాంక్షల చిత్రానికి చాలును. దస్తావేజుకు చాలదు. మన రెండు భాషల లిపులనే చూడండి. ఉర్దూలో 'ఖే' అక్షరానికి నుక్తా పైన ఉంటుంది, 'జీమ్' అక్షరానికి కడుపులో ఉంటుంది. ఆ ఒక్క నుక్తా స్థానం మారితే 'ఖుదా' కాస్తా 'జుదా' అవుతుంది. తెలుగులో 'థ' కడుపులోని చుక్క పోతే 'ధ' మిగులుతుంది. 'అర్థం' కాస్తా 'అర్ధం' అవుతుంది. భావం పోయి సగం మిగులుతుంది! గ్రంథాలయపు మసక వెలుగులో పాత చేతివ్రాత ప్రతిని ఫోనుతో తీసినప్పుడు, కాగితం మీద కలం పెట్టిన చుక్క ఏదో, కాంతి లేమి పెట్టిన చుక్క ఏదో తుడిచే యంత్రానికి తెలియదు. పండితుడైతే తెలియనిచోట ఆగుతాడు. యంత్రం ఆగదు, సందేహం ఉన్నట్లు కూడ చెప్పదు. గరుకైన చిత్రం "ఇక్కడ నాకు సరిగా కనబడలేదు" అని ఒప్పుకొంటుంది. నున్నని చిత్రం ఆ మాటను దాచిపెడుతుంది. అందుకే చరిత్రకు సంబంధించినంతవరకు నున్నని అబద్ధం కంటె గరుకు నిజమే మేలని మేము భావిస్తున్నాము.

సికింద్రాబాదులో స్టూడియో నడిపి, ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడుగా పేరుపొందిన రాజా దీన్ దయాళ్ 1905లో మరణించాడు. ఆయన గాజు ఫలకాలు నేటికీ దిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. ఆ నాటి నగరాన్ని నేడు మనం చూడగలుగుతున్నామంటే, మూల ఫలకాలను ఎవరూ పారవేయకపోవడమే కారణం. డిజిటల్ చిత్రానికి కూడ మూలం ఉన్నది. కెమెరా సెన్సారు వ్రాసిన 'రా' ఫైలే ఆ మూలం.

కనుక విద్యార్థి మిత్రులకు, కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఇది. సభలను తీసేటప్పుడు ఐ.ఎస్.ఓ. పెంచడానికి భయపడవద్దు, చెయ్యి కదిలి చెదరిపోయిన చిత్రాన్ని బాగుచేయడం దాదాపు అసాధ్యం, చుక్కలున్న చిత్రం మాత్రం పనికివస్తుంది. సంచికలో చిన్న పరిమాణంలో అచ్చువేసినప్పుడు ఆ చుక్కలు చాలావరకు అణగిపోతాయి. పాత పుస్తకాలను, పత్రాలను తీసేటప్పుడు మాత్రం ఐ.ఎస్.ఓ. తగ్గించి, స్టాండు వాడి, ఇరుప్రక్కలా రెండు దీపాలు పెట్టాలి. యంత్రం స్వయంగా చేసే మెరుగులను ఆపివేయాలి. కమిటీవారు వేదికకు దండలు, తోరణాలు సమకూర్చేటప్పుడే వక్త ముఖం మీద పడే ఒక మంచి దీపాన్ని కూడ సమకూర్చాలి. ఖరీదైన కెమెరా కంటె అది చౌక, ఫలితం ఎక్కువ. సంచికకు చిత్రాలను ఎంపిక చేసేవారు గరుకుదనం ఒక్కటే కారణంగా దేనినీ త్రోసివేయరాదు. ప్రతి సంవత్సరం మూల ఫైళ్లను మార్పు చేయకుండా, తేదీలతో, పేర్లతో గ్రంథాలయంలో భద్రపరచాలి.

యాభై ఏండ్ల తరువాత ఈ కళాశాల చరిత్రను వ్రాయబోయే విద్యార్థి మన చిత్రాలను తెరచి చూస్తాడు. అతనికి కొన్ని చుక్కలు కనబడితే, ఆనాడు వెలుగు తక్కువగా ఉండెనని గ్రహిస్తాడు. మనవి కాని ముఖాలను మాత్రం మనవిగా అతనికి అప్పగించకుందుముగాక!