పాత టవర్‌లో కాండోనా? ముందు నివేదిక అడగండి

ఆఫీసుకు దగ్గర, ధర తక్కువ అని అమెరికా నగరాల నడిబొడ్డున పాత టవర్లలో కాండో (సొంత ఫ్లాటు) కొనదలిచే మనవాళ్లు సర్ఫ్‌సైడ్‌ను మరవకూడదు. ఫ్లోరిడాలోని ఆ పట్టణంలో 1981 నాటి 12 అంతస్తుల భవనం 2021 జూన్ 24న అర్ధరాత్రి దాటాక కూలి 98 మందిని బలిగొంది. ఈతకొలను చుట్టూ ఉన్న శ్లాబు నుంచి నీరు కారుతోందని, కింది పార్కింగ్‌లో కాంక్రీటు పగిలిందని 2018లోనే ఇంజినీరు రాసిచ్చారు. 2021 నాటికి మరమ్మతు అంచనా సుమారు కోటిన్నర డాలర్లకు చేరింది. ఫ్లాట్ల యజమానుల సంఘం నిధిలో అంత లేదు. ఎవరెంత భరించాలన్న వాదనల్లో విలువైన కాలం పోయింది. ఇది క్షమించరాని జాప్యం. భవనం కూలిన మరుసటి ఏడాదే ఫ్లోరిడా పాత కాండో భవనాలకు నిర్మాణ తనిఖీ తప్పనిసరి చేసింది. ఆ రక్షణ అన్ని రాష్ట్రాల్లో లేదు. సంఘం రిజర్వు నిధి లెక్కలు, ఇంజినీరు నివేదిక, సమావేశాల మినిట్స్ చదివాకే బయానా ఇవ్వండి.