ప్రతిపక్ష స్థానం – పౌరస్వేచ్ఛ

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం అవతరించింది. ప్రభుత్వ కార్యాలయాలకు కట్టడాలు చాలక గుడారాలు వేసుకొన్న రాజధాని అది. ఆ నగరంలో కొలువుదీరిన 140 మంది సభ్యుల శాసనసభలో అధికారపక్షానికి నాయకులు టంగుటూరి ప్రకాశం పంతులు. ఉపముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. వారికి ఎదురుగా ఆసీనులైన కమ్యూనిస్టు సభ్యులలో ప్రముఖుడు అనంతపురం ప్రతినిధి తరిమెల నాగిరెడ్డి. సంజీవరెడ్డి సతీమణి నాగరత్నమ్మ నాగిరెడ్డికి తోబుట్టువు. రాయలసీమలో ఇటువంటి బంధుత్వాలు కొత్తవి కావు గనుక, బావాబావమరదులు ఎదురెదురు పక్షాలలో ఉండటం ఎవరినీ అంతగా ఆశ్చర్యపరచదు. విచారింపదగిన విషయం మరొకటి ఉంది. అటువైపు నాయకుని ప్రభుత్వం ఒకనాడు తెచ్చిన ఆర్డినెన్సు కిందనే ఇటువైపు కూర్చొన్నవారు విచారణ లేకుండా చెరసాలలో ఉండి వచ్చారు.

1928లో సైమన్ కమిషన్ రాకను నిరసిస్తూ మద్రాసులో ప్రజలు వీధుల్లోకి వచ్చినప్పుడు, తుపాకులు ఎక్కుపెట్టిన పోలీసులకు తన రొమ్ము చూపి కాల్చమన్న ధీరుడు ప్రకాశం పంతులు. 'ఆంధ్రకేసరి' అన్న బిరుదుకు ఆయన అన్నివిధాలా అర్హుడు. అటువంటి మహనీయుడే 1946–47లో మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్నప్పుడు, న్యాయస్థానం ముందు నిలబెట్టకుండానే మనుషులను నిర్బంధించే అధికారాన్ని ఆర్డినెన్సు ద్వారా పోలీసులకు అప్పగించారు. జనం దానిని 'ప్రకాశం ఆర్డినెన్సు' అనే పిలిచారు. ఆ విధంగా జైలు పాలైనవారిలో నాగిరెడ్డి ఒకరు. దీనిని ప్రకాశం గారి ఒక్కరి లోపంగా ఎంచటం న్యాయం కాదు. తుపాకీకి ఎదురుగా నిలిచినవానికి కనిపించే పోలీసు వేరు, పోలీసు శాఖ కాగితాలపై సంతకం పెట్టేవానికి కనిపించే పోలీసు వేరు. శాసనసభలో ప్రతిపక్షానికి ప్రత్యేక స్థానం ఎందుకు ఉండాలో ఈ ఒక్క ఉదాహరణతో తేటతెల్లమవుతుంది.

నాగిరెడ్డి 1917లో అనంతపురం జిల్లా తరిమెల గ్రామంలో సంపన్న భూస్వామి కుటుంబంలో జన్మించారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో యుద్ధపు ఆర్థిక ఫలితాలను గూర్చి చిన్న పుస్తకం రాసినందుకు ఆంగ్లేయ ప్రభుత్వం ఆయనను జైలుకు పంపింది. స్వరాజ్యం వచ్చిన తరువాత కూడా ఆయనకు జైలు తప్పలేదు. 1952లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలలో, నిర్బంధంలో ఉండగానే అనంతపురం నుంచి సంజీవరెడ్డిని ఓడించి మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యారు; అక్కడ ప్రతిపక్ష నాయకులయ్యారు. నేరం రుజువు కాకుండా, అసలు నేరమేదో చెప్పకుండా, 'చేయవచ్చును' అన్న అనుమానం మీద మనిషిని బంధించటం ఎటువంటిదో ఆ స్థానంలో కూర్చొన్నవారికి గ్రంథాలు చదివి తెలుసుకోవలసిన అవసరం లేకపోయింది.

1950లో పార్లమెంటు ఆమోదించిన ముందస్తు నిర్బంధ చట్టానికి ఏడాది ఆయుస్సు మాత్రమే ఉండింది. అదే ఏడాది మద్రాసు జైలులో ఉన్న ఎ.కె. గోపాలన్ దానిని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. చట్టం నిలిచింది. కాని నిర్బంధానికి కారణాలను న్యాయస్థానానికి సైతం వెల్లడించరాదన్న సెక్షను మాత్రం కొట్టివేయబడింది. ఆ గోపాలనే 1952లో లోక్‌సభలో కమ్యూనిస్టు పక్షానికి నాయకత్వం వహించారు. అదే సభకు కడప నుంచి కమ్యూనిస్టు అభ్యర్థి యెద్దుల ఈశ్వరరెడ్డి ఎన్నికయ్యారు. 1957లో నాగిరెడ్డి సైతం అనంతపురం నుంచి లోక్‌సభకు వెళ్లారు. చట్టం గడువు ముగియవచ్చిన ప్రతిసారీ ప్రభుత్వం పొడిగింపు కోరటం, ప్రతిపక్షాలు వ్యతిరేకించటం, ఓటింగులో ఓడిపోవటం ఆనవాయితీ అయింది.

ఓడిపోయే వాదం దేనికని కొందరు ప్రశ్నిస్తారు. సమాధానం అంత కష్టమైనది కాదు. పొడిగింపు కోరిన ప్రతిసారీ హోంమంత్రి సభ ముందుకు రావలసి వచ్చేది. ఎందరిని, ఏ కారణాలతో బంధించారో చెప్పవలసి వచ్చేది. జైలు గోడల నడుమ మరుగునపడవలసిన లెక్క సభ దస్త్రాలకెక్కేది.

పోలీసు అధికారం రాజకీయ ఖైదీలకు మాత్రమే సంబంధించినదని భావించటం పొరపాటు. కర్నూలు శాసనసభ అనుభవమే అందుకు నిదర్శనం. మద్యనిషేధ చట్టం వల్ల కల్లుగీత కార్మికులు జీవనోపాధి కోల్పోయారు. గౌతు లచ్చన్న నాయకత్వంలో వారు సత్యాగ్రహానికి దిగి అరెస్టులయ్యారు. తాటిచెట్టు ఎక్కటమే వృత్తిగా గలవానికి చట్టం అంటే పోలీసే. ఈ నిషేధ విధానంపైనే 1954 నవంబరులో ప్రతిపక్షాలు అవిశ్వాసం ప్రకటించగా, ఒక్క ఓటు తేడాతో ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది. నిషేధం మంచిదా, చెడ్డదా అన్నది వేరే చర్చ. గీత కార్మికుని గోడు ఒక ప్రభుత్వాన్నే దింపగలిగిందన్నది మాత్రం నిజం.

నేటికీ కర్నూలు, కడప పల్లెలలో ఎన్నికల వేళ 'బైండోవర్' అన్న మాట వినని రైతు ఉండడు. శాంతికి భంగం కలిగించవచ్చునన్న అనుమానం మీద తహసీల్దారు ఎదుట పూచీకత్తు రాయించుకోవటమే ఆ మాటకు అర్థం. లోగడ నేర విచారణ స్మృతిలోని 107వ సెక్షను కింద జరిగిన ఈ తంతు, 2024 జులై నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 126వ సెక్షను కింద జరుగుతున్నది. ముఠాకక్షలతో నలిగిన సీమలో పోలీసులకు కొన్ని అధికారాలు అవసరమే. బాంబులు పేలే ఊరిలో శాంతి కోరటం తప్పు కాదు. అయితే కక్షలతో ఏ సంబంధమూ లేక, ఒక నాయకుని వీధిలో కాపురమున్నందుకే పేరు దస్త్రంలోకి ఎక్కినవాని పక్షాన సభలో అడిగేవారెవరు?

1969 మార్చిలో నాగిరెడ్డి శాసనసభ్యత్వానికి రాజీనామా చేశారు. ఈ సభల వల్ల ప్రజల సమస్యలు తీరవన్నది ఆయన నిశ్చితాభిప్రాయం. ఆయన నిజాయితీని శంకింప వీలులేదు. పదవిని పట్టుకొని వేలాడేవారి మధ్య దానిని తృణప్రాయంగా వదులుకొన్నారు. కాని ఆ నిర్ణయాన్ని ఆమోదించటం కష్టం. ఆ ఏడాది చివర ఏమి జరిగిందో చూడాలి. కాంగ్రెసు చీలి, ఇందిరాగాంధీ ప్రభుత్వం ఇతర పక్షాల మద్దతుపై ఆధారపడింది. పొడిగింపు బిల్లు నెగ్గే బలం లేక, పంతొమ్మిదేళ్లుగా సాగిన ముందస్తు నిర్బంధ చట్టం 1969 డిసెంబరు 31తో అంతరించింది. ఏటికేడాది ఓడిపోయిన వాదం, సంఖ్యాబలం కాస్త అటూఇటూ కాగానే గెలిచింది. సరిగా ఆ డిసెంబరులోనే నాగిరెడ్డి మద్రాసులో అరెస్టయ్యారు. అప్పటికి సభలో ఆయన గొంతు లేదు.

ఆ గెలుపు ఎంతోకాలం నిలవలేదు. 1971లో 'మీసా' చట్టం వచ్చింది. 1975లో అత్యవసర పరిస్థితి విధింపబడింది. అప్పుడు కడప స్థానం ఈశ్వరరెడ్డిదే. కాని నిర్బంధాలను ఏళ్ల తరబడి ఎదిరించిన ఆయన పార్టీయే అత్యవసర పరిస్థితిని సమర్థించింది. అది తప్పని తరువాత అంగీకరించింది. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు, అత్యవసర పరిస్థితిలో నిర్బంధితుడు తన స్వేచ్ఛ కోసం న్యాయస్థానాన్ని ఆశ్రయించే హక్కు లేదని తీర్పు చెప్పింది. న్యాయమూర్తి హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు. సరిగా మూడు నెలలకు, జులై 28న, అజ్ఞాతంలో ఉన్న నాగిరెడ్డి కన్నుమూశారు.

1977 ఎన్నికలలో ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాలలో 41 కాంగ్రెసుకు దక్కగా, కర్నూలు జిల్లాలోని నంద్యాల ఒక్కటే జనతా పార్టీని గెలిపించింది. ఆ అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ఆ ఏడాదే రాష్ట్రపతి అయిన ఆయన 1979 ఏప్రిల్ 30న రాజ్యాంగ 44వ సవరణకు ఆమోదముద్ర వేశారు. జీవించే హక్కును, వ్యక్తిస్వేచ్ఛను అత్యవసర పరిస్థితిలో సైతం నిలిపివేయరాదన్న నియమం ఆ సవరణతోనే వచ్చింది. అదే సవరణలోని మూడవ సెక్షను, సలహామండలి అభిప్రాయం లేకుండా మనిషిని నిర్బంధంలో ఉంచగల గడువును మూడు నెలల నుంచి రెండు నెలలకు తగ్గించింది. అది అమలులోకి వచ్చే తేదీని ప్రకటించే బాధ్యత కేంద్ర ప్రభుత్వానికి వదిలారు. ఆ తరువాత అన్ని ప్రధాన పక్షాలూ ఏదో ఒక సమయంలో అధికారంలో ఉన్నాయి, ఏదో ఒక సమయంలో ప్రతిపక్షంలోనూ కూర్చొన్నాయి. ఆ తేదీని నేటివరకు ఏ ప్రభుత్వమూ ప్రకటించలేదు.