దృష్టిపరీక్షకులకు ధర్మపరీక్ష

కంటిని పరీక్షించువానిని పరీక్షించువా రెవరు? మన దేశమున నీ ప్రశ్న చిరకాలము నిరుత్తరముగ నుండెను. 1958వ సంవత్సరమున అలీఘడ్‌లోని గాంధీ నేత్రవైద్యశాలయందును, మన హైదరాబాదులోని సరోజినీదేవి నేత్రవైద్యశాలయందును ఆప్టోమెట్రీ విద్యాబోధన ప్రారంభమైనది. నాటినుండి అరువదేండ్లు గడచినవి. కాని యీ వృత్తి నవలంబించువారి కెల్లరకును దేశమంతట వర్తించు ప్రత్యేక శాసనము 2021వ సంవత్సరమువరకు లేకపోయెను. నాలుగేండ్లు చదివి పట్టము పొందినవాడును, అంగడిలో నాలుగు నెలలు కూర్చుండి అద్దములు మార్చుట నేర్చినవాడును ఒకే బిరుదమును బల్లపై వ్రాయించుకొనగలిగిరి. పల్లెనుండి వచ్చిన వృద్ధునకు వారిరువురి భేదమెట్లు తెలియును?

2021 మార్చిలో నామోదము పొందిన జాతీయ అనుబంధ, ఆరోగ్యసంరక్షణ వృత్తుల కమిషను చట్టము దృష్టిపరీక్షకులను గూడ తన పరిధిలోనికి దెచ్చినది. ప్రవర్తననియమావళిని నిర్ణయించుట, రిజిష్టరును నిర్వహించుట, వృత్తిలో బ్రవేశించువారికి లైసెన్సుపరీక్ష నేర్పరచుట యను నధికారములు దానివలన కమిషనునకు లభించినవి. రాష్ట్రములు దీని నమలుపరచుటలో జాగు చేయగా, 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు రెండు మాసముల గడువు విధింపవలసివచ్చెను. చట్టము మంచిదే. ఇక చట్టము, నీతి యను విషయములలో విద్యార్థి నెట్లు పరీక్షింపవలయును, ఆతడెట్లు సిద్ధపడవలయును అనునది విచారింపదగియున్నది.

ఈ మార్గమున ముందు నడచినవారి యనుభవము కొంత కలదు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రము 1901లోనే యీ వృత్తికి శాసనము చేసినది. కాలిఫోర్నియాలో శాస్త్రపరీక్షలతోపాటు, ఆ రాష్ట్రపు చట్టములను నిబంధనలను గూర్చిన ప్రత్యేకపరీక్షయందును గృతార్థుడైన గాని లైసెన్సు లభింపదు. పరీక్ష ముగిసినవెంటనే అద్దముల చీటీని రోగి యడుగకున్నను ఆతని చేతికీయవలెననియు, జోడు తన యొద్దనే కొనవలెనని నిర్బంధింపరాదనియు 1978నాటి ఫెడరల్ నిబంధన శాసించుచున్నది. దీనికి గారణము స్పష్టము. కన్ను చూచువాడే కండ్లజోడు నమ్మువాడైనచో, ఆతని మాటలో వైద్యమెంత, వర్తకమెంత యని రోగికి బోధపడదు.

మన యొద్ద నీ పరీక్షకు బట్టిన మొదటి ప్రమాదము కంఠపాఠము. ఏ సెక్షనులో నేమున్నది, ఏ చట్టమే సంవత్సరమున వచ్చినది యని వల్లించి నూటికి నూరు మార్కులు దెచ్చుకొనుట మనవారికి గష్టము కాదు. కాని రోగి యెదుట నక్కరకు వచ్చునది వేరు. నలువదియైదేండ్లవాడొకడు చదువుటకు జోడు కావలెనని వచ్చును. నొప్పి లేదు, ఎరుపు లేదు. కంటినరము మాత్రము గుంటపడి కనబడుచున్నది. అది నీటికాసుల జబ్బు కావచ్చును. దానివలన బోయిన చూపు మరల రాదు. జోడమ్మి పంపుటయా, నేత్రవైద్యుని యొద్దకు బంపుటయా? బిడ్డ ఫొటోలో కనుపాప తెల్లగా మెరయుచున్నదని తల్లి చెప్పును. అది కంటిలో బుట్టు రాచపుండు కావచ్చును. ఆలస్యమైనచో చూపే కాదు, ప్రాణమే పోవచ్చును. కన్నెరుపెక్కినవాడు వెనుకటి చుక్కలమందే మరల నిమ్మని కోరును. అందు స్టెరాయిడున్నచో వైద్యుని చీటీ లేక యమ్మరాదని షెడ్యూలు హెచ్ చెప్పుచున్నది. దీర్ఘకాలము వాడినచో కంటిలోని యొత్తిడి పెరిగి నరము చెడును. ప్రశ్నపత్రములో నుండవలసినవి యిట్టివి. తన యధికార మెచ్చట ముగియునో యెరుగుటయే యీ మూడింటికిని సమాధానము. ఆ హద్దును చట్టము చూపగలదు. చూచువారు లేనపుడు సైతము దానిని దాటకుండుట నీతి నేర్పవలయును.

పరీక్ష యను పేర పల్లెలలో నున్న కొలదిమంది సేవకులను గూడ తొలగింతురా యని కొందరు శంకించుచున్నారు. ఈ శంక త్రోసివేయదగినది కాదు. 2018లో తెలంగాణమునను, 2019లో ఆంధ్రప్రదేశమునను 'కంటివెలుగు' పేర జరిగిన పరీక్షలు, కండ్లు చూచువారి యవసరము మన కెంత గలదో చాటినవి. కావున చిరకాలముగ నిజాయితీతో బనిచేయుచున్నవారికి దగిన గడువును శిక్షణమును ఈయవలయును. అంతకంటె ముఖ్యముగ, నీతిపరీక్షను తెలుగులోను వ్రాయనీయవలయును. రోగి తన బాధను తెలుగున జెప్పుకొనును. ఆతని సమ్మతిని తెలుగుననే పొందవలయును. ప్రమాదమును తెలుగుననే వివరింపవలయును. ఆ ధర్మమును గూర్చిన ప్రశ్న మాత్ర మింగ్లీషున నుండుట యెట్టి న్యాయము?

కళాశాలలవారు చట్టమును నీతిని కడపటి మాసపు పాఠముగ జేయక, మొదటి సంవత్సరమునుండి వైద్యశాలలోనే, రోగుల ముందరనే బోధింపవలయును. విద్యార్థులు గైడు పుస్తకములను గట్టిపెట్టి, చట్టమునే యొకమారు సాంతముగ జదువుదురు గాక. సెక్షను సంఖ్య మరచినవానిని క్షమింపవచ్చును. వైద్యుని యొద్దకు బంపవలసినవానికి జోడమ్మి పంపినవానిని ఏ రోగియు క్షమింపడు. ప్రశ్నపత్రమును గూర్చువారు మార్కులు పంచునపు డీ భేదమును మనసున నుంచుకొందురని ఆశించుచున్నాము.