వంటింటి కబుర్లు: స్వీడన్ అట్లు, బెల్లం పాకం

ఈ నెల కొంచెం దూరం పోదాం, స్వీడన్ దేశం దాకా. అక్కడ మన దోసెకన్నా మెత్తగా, పల్చగా ఒక అట్టు పోస్తారు. పేరు పన్‌కాకా. గురువారం వచ్చిందంటే ముందు ఎండు బఠాణీల సూప్, ఆ తర్వాత ఈ అట్లు. ఇళ్ళల్లోనే కాదు, వాళ్ళ సైన్యంలో కూడా గురువారం ఇదే భోజనం. పూర్వం శుక్రవారం ఉపవాసం ఉండేవాళ్ళు కాబట్టి ముందురోజే కడుపునిండా తినేవాళ్ళని చెబుతారు. ఒక్కపొద్దులుండే మన ఇళ్ళకు ఈ మాట కొత్తేం కాదు.

ఇక లెక్క. పావు లీటరు పట్టే గ్లాసుతో ఒక గ్లాసు మైదా, రెండున్నర గ్లాసుల పాలు, 3 గుడ్లు, అర చెంచా ఉప్పు, 3 చెంచాల కరిగించిన వెన్న. పులియబెట్టే పని లేదు, సోడా అసలే వద్దు. ముందు పిండిని సగం పాలతో ఉండలు లేకుండా కలపండి. తర్వాత మిగతా పాలు, గుడ్లు, వెన్న వేసి గిలకొట్టండి. పిండి నీళ్ళమజ్జిగలా జారాలి. అరగంట పక్కన పెడితే మైదా బాగా నాని అట్టు చిరగదు.

పెనం బాగా కాగాక కొంచెం వెన్న రాసి, ఒక గంటెడు పిండి పోసి, గంటెతో రుద్దకుండా పెనాన్నే చుట్టూ వంచండి. పైన తడి ఆరి, అంచులు ఎర్రబడితే తిప్పేయొచ్చు. మొదటి అట్టు సరిగ్గా రాకపోతే దిగులు పడొద్దు, అది పెనం కోసం పోసింది.

అక్కడ దీన్ని లింగన్ అనే పుల్లని ఎర్ర పండ్ల జామ్‌తో తింటారు. ఆ పండ్లు అడవిలో కాస్తాయి. అడవి ఎవరిదైనా సరే, పండ్లు కోసుకునే హక్కు అక్కడ అందరికీ ఉంది. మనకు ఆ పండు లేదు, బెల్లం ఉంది. పావుకిలో బెల్లం, అర గ్లాసు నీళ్ళు పోసి కరిగించి, వడకట్టి, సన్న మంట మీద మరిగించండి. వేళ్ళ మధ్య జిగురు తగలగానే దించండి. తీగపాకం దాకా పోతే చల్లారాక గట్టిపడుతుంది. నాలుగు చుక్కల నిమ్మరసం, ఒక ఏలక్కాయ వేస్తే పాకం గడ్డకట్టదు, వాసన కూడా బాగుంటుంది.

అసలు మాట ఇప్పుడు చెప్తా. అట్టు ఒక్కొక్కటే కాలుతుంది. అందరూ తిని లేచేదాకా పోసేది ఆడది, చివరికి చల్లారింది తినేదీ ఆడదే. పొద్దంతా బీడీలు చుట్టి వచ్చిన మనిషి రాత్రి కూడా గంటసేపు పొయ్యి దగ్గరే నిలబడాలా? స్వీడన్‌లో ఇంకో పద్ధతి ఉంది. పిండినంతా ఒకే పళ్ళెంలో పోసి ఓవెన్‌లో పెడతారు. అప్పుడు అందరూ ఒకేసారి కూర్చోవచ్చు. మనకు ఓవెన్ లేకపోయినా, వేడినీళ్ళ గిన్నె మీద పళ్ళెం పెట్టి, కాల్చినవి అందులో పేర్చి మూత పెడితే ఆఖరిదాకా వెచ్చగా ఉంటాయి.

ఇంట్లో మగవాళ్ళకూ వంతు వెయ్యండి. మగ్గం మీద తెగిన పోగు అతికే చేతికి అట్టు తిప్పడం ఎంతసేపు? మా ఇంట్లో ఇప్పుడు పాకం నాది, పెనం మా ఆయనది. అట్టు గుండ్రంగా రాకపోయినా నేనూ వేడిగానే తింటున్నా.